2 జీబీ లిమిట్ పెట్టినా మెమరీ మొత్తం తినేశారు, లినక్స్ కెర్నల్ మాత్రం డేటాబేస్‌ని చంపింది. ఇదేం న్యాయం?

రాత్రిడ్యూటీ
మా ఆఫీసులో ఒక 16 జీబీ మెషీన్. ఉబుంటు 22.04, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు) లేదు. దాంట్లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటుంది. రాత్రి పూట సిస్టమ్‌డీ (సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) టైమర్‌తో ఒక పైథాన్ రిపోర్టు జాబ్ నడుస్తుంది, ఎనిమిది వర్కర్లు. జాబ్ మెమరీ ఎక్కువ లాగుతోందని లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో ఆర్ఎస్ఎస్ (ప్రాసెస్ నిజంగా ర్యామ్‌లో పట్టుకున్నది) 2 జీబీ అని రాసి పెట్టాం. అయినా మెమరీ నిండింది. కెర్నల్ ఎవరిని చంపింది? జాబ్‌ని కాదు, పోస్ట్‌గ్రెస్‌ని. తిన్నది ఒకడు, దెబ్బలు ఇంకొకడికి. అర్ధరాత్రి ఫోన్లు నాకు.

డీమెస్గ్‌లో (కెర్నల్ లాగ్) ఉన్నది ఇది: చచ్చింది పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్, అనాన్ ఆర్ఎస్ఎస్ (సొంత మెమరీ) 70 ఎంబీ, షెమ్ ఆర్ఎస్ఎస్ (పంచుకునే మెమరీ) 3.9 జీబీ, స్కోర్ అడ్జస్ట్ (చంపేవాణ్ణి ఎంచే స్కోరుకి మనం కలిపేది) 0. అదే సమయానికి వర్కర్లు ఒక్కొక్కటి 1.4 జీబీ దగ్గర ఉన్నాయి. లిమిట్ పెట్టాక కూడా ఇలా ఎందుకు?

సున్నాపాయింటర్
ఆర్ఎస్ఎస్ లిమిట్ పేరుకే ఉంది. మాన్యువల్ పేజీలోనే రాసి ఉంటుంది చూడండి: 2.4 కెర్నల్స్‌లో, అదీ 2.4.30 కంటే ముందు వాటిలో మాత్రమే పని చేసేది. అప్పుడు కూడా ఎమ్‌అడ్వైజ్ (మెమరీ వాడకం గురించి కెర్నల్‌కి సూచన ఇచ్చే) కాల్‌లో ఒకే ఒక్క రకం వరకే. ఇప్పుడు 2 జీబీ పెట్టినా 2 కేబీ పెట్టినా ఒకటే.

రాత్రిడ్యూటీ
మరి ఎర్రర్ అయినా ఇవ్వాలి కదా? యూలిమిట్ (లిమిట్లు చూపే కమాండ్) కొడితే చక్కగా 2 జీబీ అని చూపిస్తోంది!

సున్నాపాయింటర్
అది 4.2 బీఎస్‌డీ కాలం నాటి ఇంటర్‌ఫేస్. పాత ప్రోగ్రాములు విరిగిపోకూడదని ఉంచారు. మీరిచ్చిన నెంబర్ దాచుకుంటుంది, అడిగితే తిరిగి చెబుతుంది.

గోంగూర64
మా మేనేజర్ కూడా అంతే. చెప్పింది నోట్ చేసుకుంటాడు, అడిగితే చదివి వినిపిస్తాడు.

విశాఖ_అడ్మిన్
ఆర్ఎస్ఎస్ సంగతి అలా ఉంచండి. సిస్టమ్‌డీ టైమర్ అన్నారు కదా, అసలు లిమిట్స్ డాట్ కాన్ఫ్ ఆ జాబ్‌కి వర్తించదు. ఆ ఫైలు చదివేది పామ్, అంటే లాగిన్లు చూసుకునే భాగం. లాగిన్ అయిన సెషన్‌కే దాని అధికారం. సర్వీసులకి యూనిట్ ఫైల్లో లిమిట్ నోఫైల్ లాంటివి విడిగా రాయాలి. షెల్‌లో యూలిమిట్ కొట్టి చూసుకుంటే మీ షెల్ లిమిట్లు కనబడతాయి, జాబ్‌వి కాదు. జాబ్ నడుస్తున్నప్పుడు ప్రోక్ కింద దాని పీఐడీ (ప్రాసెస్ నెంబర్) ఫోల్డర్లో లిమిట్స్ అనే ఫైలు తెరవండి, అదే ఖరారు.

రాత్రిడ్యూటీ
చూశాను. అన్‌లిమిటెడ్ అని ఉంది. ఇన్నాళ్లూ మాకు ఏ లిమిటూ లేదన్నమాట, శుభం.

సరే, అడ్రస్ స్పేస్ లిమిట్ అయితే పనిచేస్తుందట కదా. సర్వీసు ఫైల్లో అది 2 జీబీ పెట్టేస్తే?

సున్నాపాయింటర్
పనిచేస్తుంది. దాటితే మెమరీ అడిగే కాల్స్ ఎమ్‌మ్యాప్‌కి, బీఆర్‌కేకి ఎనోమెమ్ (మెమరీ లేదనే ఎర్రర్) వస్తుంది. పైథాన్‌లో అయితే మెమరీ ఎర్రర్.

పేజీఫాల్ట్
తొందరపడకండి. రెండు చిక్కులు. ఆ లిమిట్ కొలిచేది వాడిన మెమరీని కాదు, రాయించుకున్న చిరునామాలని. జీలిబ్‌సీ లైబ్రరీలోని మాల్లాక్ (ప్రోగ్రామ్ మెమరీ అడిగే ఫంక్షన్) 64 బిట్ మెషీన్లో కోర్‌కి ఎనిమిది అరీనాల (మెమరీ పంచే గదులు) దాకా పెడుతుంది, ఒక్కో అరీనా 64 ఎంబీ స్థలం రిజర్వ్ చేసుకుంటుంది. థ్రెడ్లు ఎక్కువున్న ప్రోగ్రామ్ ఏమీ తినకుండానే వీఎస్‌జెడ్ (చిరునామాల మొత్తం సైజు) గిగాబైట్లలో కనబడుతుంది. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్‌తో బిల్డ్ చేసిన బైనరీ అయితే 16 టెరాబైట్లకు పైగా చిరునామాలు మ్యాప్ చేస్తుంది, ఆ లిమిట్ కింద అది లేవనే లేవదు.

రెండోది మీకు అసలు చిక్కు. ఆర్‌లిమిట్‌లు ప్రాసెస్‌కి ఒకటి చొప్పున. వర్కర్లు ఎనిమిది. ఎనిమిది రెళ్లు పదహారు. ఎవడూ గీత దాటకుండానే మెషీన్ ఖాళీ అవుతుంది. మీ వర్కర్లు 1.4 దగ్గరే ఉన్నాయన్నారు, అంటే లిమిట్ పనిచేసి ఉన్నా ఆ రాత్రి ఏమీ ఆగేది కాదు.

కెర్నల్_కిట్టయ్య
న్యాయం అడిగారు కాబట్టి తీర్పు ఎలా ఇస్తుందో చెబుతా. ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ఎవరినో ఒకరిని చంపే కెర్నల్ భాగం) స్కోరు లెక్క ఇప్పుడు చాలా సాదా: ప్రాసెస్ ఆర్ఎస్ఎస్, అది స్వాప్‌లో ఉంచినది, దాని పేజీ టేబుళ్లు, ఈ మూడూ కలుపు. దానికి స్కోర్ అడ్జస్ట్ కలుపు. ఎవరిది ఎక్కువైతే వాడు పోతాడు. ఎనిమిది మంది ఒక జట్టు అని దానికి తెలియదు. విడివిడిగా చూస్తే ఒక్కొక్కరు 1.4 జీబీ.

ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ వైపు రండి. మీ షేర్డ్ బఫర్స్ (పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌లన్నీ పంచుకునే క్యాష్) 4 జీబీ ఉండి ఉంటుంది. ఏ బ్యాకెండ్ (ఒక్కో కనెక్షన్‌కి ఒక ప్రాసెస్) ఆ బఫర్లలో ఎన్ని పేజీలు తాకితే అన్నీ దాని ఆర్ఎస్ఎస్‌లో పడతాయి. పెద్ద క్వెరీ నడిపిన బ్యాకెండ్ మొత్తం తాకేసి ఉంటుంది. మీ లాగ్‌లోనే ఉంది: సొంతంగా తిన్నది 70 ఎంబీ, షేర్డ్ 3.9 జీబీ. లెక్క ప్రకారం మెషీన్ మొత్తంలో పెద్ద తిండిపోతు అదే.

విషాదం ఏమిటంటే, దాన్ని చంపితే వెంటనే దక్కేది ఆ 70 ఎంబీయే. షేర్డ్ మెమరీ మిగతా బ్యాకెండ్ల చేతుల్లో అలాగే ఉంటుంది. కానీ ఒక బ్యాకెండ్ సిగ్‌కిల్‌తో (బలవంతంగా చంపే సిగ్నల్) పోతే షేర్డ్ మెమరీ పాడై ఉండొచ్చని పోస్ట్‌మాస్టర్ (పోస్ట్‌గ్రెస్ తల్లి ప్రాసెస్) అనుమానిస్తాడు, మిగతా అందర్నీ దింపేసి క్రాష్ రికవరీ మొదలుపెడతాడు. మీకు ఫోన్ వచ్చింది అందుకు.

ఇంతకు ముందు ఇంకా ఘోరం. 2010లో కెర్నల్ 2.6.36 వచ్చేదాకా పిల్ల ప్రాసెస్‌ల మెమరీలో సగం తల్లి స్కోరుకు కలిపేవాళ్లు. పోస్ట్‌మాస్టర్ స్కోరు ఊరికే పెరిగిపోయేది.

గోంగూర64
కేసు కొట్టేశారు. పోస్ట్‌గ్రెస్ నిర్దోషి, శిక్ష మాత్రం అమలైంది.

డీబీ_లక్ష్మి
కిట్టయ్య గారు చెప్పింది కరెక్ట్. పోస్ట్‌గ్రెస్ డాక్యుమెంటేషన్‌లోనే దీనికి విరుగుడు ఉంది. పోస్ట్‌మాస్టర్ స్కోర్ అడ్జస్ట్ మైనస్ 1000, పిల్లలకి తిరిగి 0. ఇంకోటి, వీఎం ఓవర్‌కమిట్ మెమరీ 2. నేను చూసే డేటాబేస్ సర్వర్లన్నింటిలో 2నే. కెర్నల్ తన దగ్గర లేనిది ఇస్తానని చెప్పకూడదు, అంతే.

విశాఖ_అడ్మిన్
మేడమ్, డేటాబేస్ ఒక్కటే ఉన్న మెషీన్లో సరే. ఇక్కడ పక్కనే పైథాన్ ఉంది. మోడ్ 2లో డిఫాల్ట్ రేషియో ర్యామ్‌లో 50 శాతం. 16 జీబీ, స్వాప్ సున్నా, అంటే కమిట్ లిమిట్ 8 జీబీ. సగం మెషీన్ కట్టేసుకున్నట్టే. ఫ్రీ కమాండ్ కొడితే గిగాబైట్లు ఖాళీగా కనబడుతుంటాయి, ఫోర్క్ (కొత్త ప్రాసెస్ పుట్టించడం) మాత్రం మెమరీ లేదంటుంది. ఇలాంటి దాని మీద సగం రోజు పోగొట్టుకున్న వాళ్లని చూశాను.

డీబీ_లక్ష్మి
రేషియో పెంచుకోవచ్చు కదా. 50 దగ్గరే వదిలేసి మోడ్ 2 బాగోలేదంటే ఎలా? మెమ్‌ఇన్ఫోలో కమిటెడ్ ఏఎస్ (కెర్నల్ ఇస్తానని ఒప్పుకున్న మొత్తం) ఎక్కడిదాకా వెళ్తోందో కొన్నాళ్లు చూసి దాన్నిబట్టి పెట్టాలి.

చిన్నతమ్ముడు_సీఎస్ఈ
అన్నా, అక్కా, ఓవర్‌కమిట్ అంటే అసలు ఏంటో ఎవరైనా చెప్తారా? మా సిలబస్‌లో పేజింగ్ దగ్గరే ఆపేశారు.

పేజీఫాల్ట్
వెయ్యి శుభలేఖలు పంచి ఆరొందల మందికి వండటం. అందరూ రారని లెక్క. మాల్లాక్ అడిగితే కెర్నల్ ఇచ్చేది శుభలేఖ మాత్రమే. నువ్వు నిజంగా ఆ పేజీలో రాసినప్పుడు పేజీ ఫాల్ట్ వస్తుంది, అప్పుడు 4 కేబీ వడ్డిస్తుంది. మోడ్ 0 అంటే మరీ అడ్డగోలుగా, ర్యామ్ ప్లస్ స్వాప్ కంటే పెద్దది ఒకేసారి అడిగితే తప్ప కాదనదు. మోడ్ 1 అంటే ఎవరు ఎంతడిగినా సరే. రెడిస్ (మెమరీలో ఉండే డేటాబేస్) వాళ్లు 1 పెట్టమంటారు. డిస్క్‌కి సేవ్ చేసేటప్పుడు అది ఫోర్క్ అవుతుంది, కాపీ ఆన్ రైట్ (రాసిన పేజీలనే కాపీ చేయడం) వల్ల నిజంగా పట్టేది కొంచెమే అయినా కాగితం మీద రెట్టింపు కనబడుతుంది. మోడ్ 2 అంటే వండినన్నే శుభలేఖలు.

గోంగూర64
అందరూ వచ్చేస్తే పంక్తిలో ఎక్కువ తిన్నవాణ్ణి రెక్క పట్టుకుని లేపేస్తారు, అదే ఓఓఎం కిల్లర్. ఇక్కడ పెళ్లికొడుకు తండ్రిని లేపేశారు.

కెర్నల్_కిట్టయ్య
లక్ష్మి గారూ, మోడ్ 2లో నాకున్న అభ్యంతరం వేరు. అక్కడా బలయ్యేది తిన్నవాడు కాదు, గీత దగ్గర ఉన్నప్పుడు తర్వాత అడిగినవాడు. అది ఎస్ఎస్‌హెచ్‌డీ (రిమోట్ లాగిన్ సర్వీసు) కావచ్చు, మీ బ్యాకప్ స్క్రిప్ట్ కావచ్చు. పైగా మాల్లాక్ నల్ (మెమరీ లేదని అర్థం) ఇచ్చిందా అని చూసే ప్రోగ్రాములు ఎన్ని?

డీబీ_లక్ష్మి
పోస్ట్‌గ్రెస్ చూస్తుంది. ఆ ఒక్క క్వెరీ ఔట్ ఆఫ్ మెమరీ అని తిరిగొస్తుంది, సర్వర్ నిలబడుతుంది. నాకు కావాల్సింది అదే. చూడని ప్రోగ్రాముల కోసం నా డేటాబేస్‌ని రికవరీలోకి పంపలేను.

కెర్నల్_కిట్టయ్య
మీ మెషీన్ వరకు ఒప్పుకుంటా. రాత్రిడ్యూటీ మెషీన్‌కి ఒప్పుకోను. ఇక్కడ కావలసింది జట్టుకి కలిపి లిమిట్. దానికే సీగ్రూపులు (ప్రాసెస్‌ల గుంపుకి కలిపి లిమిట్ పెట్టే కెర్నల్ వసతి) పుట్టాయి. 2006లో గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టారు, 2008 జనవరిలో 2.6.24లో చేరింది, మెమరీ కంట్రోలర్ దాని వెనకే 2.6.25లో వచ్చింది. మీ ఉబుంటు 22.04లో ఉన్నది వి2.

జాబ్ యూనిట్ ఫైల్లో మెమరీ మ్యాక్స్ 9 జీబీ అని పెట్టండి. ఎనిమిది వర్కర్లూ, వాటి తల్లీ అన్నీ ఆ గిన్నెలోంచే తినాలి. దాటితే మొదట ఆ గ్రూపులోనే పేజీలు వెనక్కి లాగుతుంది, కుదరకపోతే ఆ గ్రూపులో వాడినే చంపుతుంది. పోస్ట్‌గ్రెస్ జోలికి రాదు. అదనపు భద్రతకి అదే యూనిట్లో ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ 500 రాయండి. ఒక్కో పాయింటూ ర్యామ్ ప్లస్ స్వాప్‌లో వెయ్యో వంతు, అంటే ఒక్కో వర్కర్‌కి దాదాపు 8 జీబీ ఎక్కువ తిన్నట్టు లెక్క పడుతుంది. ఎప్పుడైనా మెషీన్ మొత్తానికి కరువు వచ్చినా ముందు పోయేది వాళ్లే.

నిద్రలేని_నవీన్
మ్యాక్స్ బదులు మెమరీ హై పెట్టొచ్చు కదా, చంపదు, నెమ్మది చేస్తుంది అంతే.

విశాఖ_అడ్మిన్
ఆ "నెమ్మది" ఎంత నెమ్మదో తెలుసా? మా దగ్గర ఒకరు హై మాత్రమే పెట్టి మ్యాక్స్ వదిలేశారు. స్వాప్ లేదు, అనానిమస్ మెమరీని (ఏ ఫైలుకీ చెందనిది) నెట్టడానికి చోటు లేదు. కెర్నల్ ప్రతి కేటాయింపు దగ్గరా ప్రాసెస్‌ని నిద్రపుచ్చుతూ పోయింది. తెల్లారాక చూస్తే జాబ్ చావలేదు, ముందుకూ కదల్లేదు. లాగ్‌లో ఎర్రర్ ఉండదు, అలర్ట్ రాదు. చచ్చినా బాగుండేది, రీస్టార్ట్ అయ్యేది.

నిద్రలేని_నవీన్
అయితే రెండూ పెట్టాలి. హై కొంచెం కింద, మ్యాక్స్ పైన. మెమరీ ఈవెంట్స్ ఫైల్లో హై కౌంటర్ పెరుగుతుంటే అలర్ట్. పీఎస్ఐ (ఒత్తిడి కొలిచే వసతి) కూడా ఉంది, కెర్నల్ 4.20 నుంచి. మెమరీ కోసం ఎంత సేపు ఆగిపోతున్నారో మెమరీ ప్రెషర్ ఫైల్లో శాతాల్లో చెబుతుంది. మీ జాబ్ తెల్లార్లూ పడుకుంటే అందులో ఫుల్ (అందరూ ఒకేసారి ఆగిన సమయం) వరుస మీద కచ్చితంగా కనబడేది.

విశాఖ_అడ్మిన్
అది ఒప్పుకుంటా. కొంచెం స్వాప్ కూడా పెట్టమంటాను. సర్వర్లో స్వాప్ ఎందుకనే వాళ్లకి ఒకటే మాట: స్వాప్ లేకపోతే కెర్నల్ బయటికి తోయగలిగేవి ఫైలు పేజీలే, వాటిలో మీ ప్రోగ్రామ్ కోడ్ కూడా ఉంటుంది. తోస్తుంది, మళ్లీ డిస్క్ నుంచి చదువుతుంది, మళ్లీ తోస్తుంది. ఓఓఎం రాకముందు మెషీన్ బిగుసుకుపోయేది అక్కడే.

జావా_జంగయ్య
కుబర్నెటిస్‌లో (కంటెయినర్లు నడిపే వ్యవస్థ) మాకు ఇంకో రకం. నోడ్లు (మెషీన్లు) కొత్త ఓఎస్‌కి మార్చాక పాడ్లు (కంటెయినర్ల జట్లు) వరుసగా 137 ఎగ్జిట్ కోడ్‌తో పడిపోయాయి. కోడ్ మారలేదు, లిమిట్ మారలేదు.

సున్నాపాయింటర్
137 అంటే 128 ప్లస్ 9, సిగ్‌కిల్. జావా వెర్షన్ ఎంత?

జావా_జంగయ్య
8లో పాతది, 8యూ252.

సున్నాపాయింటర్
అదే. కంటెయినర్ లిమిట్ చూడటం 8యూ191లో వచ్చింది, కానీ సీగ్రూప్ వి1 మాత్రమే. కొత్త ఓఎస్ అంటే వి2. పాత జావాకి వి2 ఫైళ్లు చదవడం రాదు, లిమిట్ కనబడక నోడ్ మొత్తం మెమరీని తనదే అనుకుని అందులో నాలుగో వంతు హీప్‌కి (జావా ప్రోగ్రామ్ డేటా ఉండే మెమరీ) పెట్టుకుంది. వి2 మద్దతు 15లో వచ్చింది, తర్వాత 11.0.16కి, 8యూ372కి వెనక్కి తెచ్చారు. అప్‌గ్రేడ్ చేయండి. ఈలోగా హీప్ సైజ్ చేత్తో రాసెయ్యండి.

జావా_జంగయ్య
ఎక్స్ఎమ్ఎక్స్ (హీప్ సైజ్ ఆప్షన్) రాస్తే నిలబడింది. థాంక్స్ అన్నా.

ల్యాబ్_అసిస్టెంట్
కొంచెం పక్కకి వెళ్తున్నా. మా కాలేజీ ల్యాబ్ సర్వర్లో పిల్లలందరికీ ఒకే లాగిన్, స్టూడెంట్ అని. ఫోర్క్ బాంబ్ (ఆగకుండా ప్రాసెస్‌లు పుట్టించే ప్రోగ్రామ్) భయానికి ఎన్‌ప్రాక్ (ప్రాసెస్‌ల సంఖ్య) లిమిట్ పెట్టాం. ఒకడు లూప్ రాస్తే క్లాసు మొత్తానికి టెర్మినల్ తెరుచుకోవడం లేదు.

పేజీఫాల్ట్
మిగతా లిమిట్లు చాలావరకు ప్రాసెస్‌వి, ఇది యూజర్ ఐడీది. ఆ ఐడీ మీద ఉన్న ప్రాసెస్‌లు, థ్రెడ్లు అన్నీ కలిపి లెక్కిస్తుంది. అరవై మంది ఒకే యూజర్ అయితే ఒకడి తప్పు అరవై మందిదీ. విడి లాగిన్లు ఇవ్వండి, కుదరకపోతే సెషన్‌కో సీగ్రూప్ కాబట్టి పిడ్స్ మ్యాక్స్ పెట్టండి. సిస్టమ్‌డీలో టాస్క్స్ మ్యాక్స్ అంటారు.

చిన్నతమ్ముడు_సీఎస్ఈ
ఆ లూప్ రాసింది నేను కాదు. మాది వేరే కాలేజీ.

రాత్రిడ్యూటీ
అప్‌డేట్. ముందు చేత్తో టెస్ట్ చేద్దామని సిస్టమ్‌డీ రన్‌తో స్కోప్ (చేత్తో నడిపే ప్రాసెస్‌లకి సీగ్రూప్) పెట్టి, మెమరీ మ్యాక్స్ 9 జీబీ ఇచ్చి నడిపాం. పోస్ట్‌గ్రెస్‌కి ఏమీ కాలేదు. డీమెస్గ్‌లో ఈసారి "మెమరీ సీగ్రూప్ ఔట్ ఆఫ్ మెమరీ" అని వచ్చింది, ఒక వర్కర్ పోయింది. కానీ జాబ్ మాత్రం ఆగలేదు, అయిపోనూ లేదు. తల్లి ప్రాసెస్ అలా కూర్చునే ఉంది. ఇంకో అనుమానం: మెమరీ కరెంట్ (గ్రూపు ఇప్పుడు వాడుతున్నది) ఎప్పుడు చూసినా 9 దగ్గరే. అంటే లీకేనా?

కెర్నల్_కిట్టయ్య
రెండోది ముందు. లీక్ అక్కర్లేదు. ఆ గ్రూపు చదివిన ఫైళ్ల పేజీ క్యాష్ కూడా దాని ఖాతాలోనే పడుతుంది, చోటుంటే నిండుతూనే ఉంటుంది, అవసరమైతే వదులుతుంది. మెమరీ స్టాట్ తెరిచి అనాన్ ఎంత, ఫైల్ ఎంత, షెమ్ ఎంత అని చూడండి. అనాన్ రాత్రికి రాత్రి పైకే పోతుంటే అప్పుడు లీక్ అనండి. ఒక జాగ్రత్త: టీఎంపీఎఫ్ఎస్‌లో (మెమరీలోనే ఉండే ఫైల్ సిస్టమ్) రాసిన ఫైళ్లు షెమ్ కింద వస్తాయి, స్వాప్ లేకపోతే అవి కదలవు. జాబ్ తాత్కాలిక ఫైళ్లు డెవ్ ఎస్‌హెచ్ఎంలో పెడుతుంటే అది మెమరీయే.

నిద్రలేని_నవీన్
తల్లి కూర్చోవడం పైథాన్ పూల్ సంగతి. మల్టీప్రాసెసింగ్ పూల్‌లో వర్కర్‌ని సిగ్‌కిల్ చేస్తే కొత్త వర్కర్‌ని పుట్టిస్తుంది గానీ, పోయినవాడి చేతిలో ఉన్న పని ఫలితం కోసం అలా ఎదురుచూస్తూనే ఉంటుంది. కాంకరెంట్ ఫ్యూచర్స్‌లోని ప్రాసెస్ పూల్ ఎగ్జిక్యూటర్ వాడితే బ్రోకెన్ ప్రాసెస్ పూల్ అని ఎక్సెప్షన్ ఇస్తుంది, కనీసం తెలుస్తుంది.

కెర్నల్_కిట్టయ్య
కెర్నల్ వైపు నుంచి కూడా మందు ఉంది. మెమరీ ఓఓఎం గ్రూప్ అని 4.19లో వచ్చింది. అందులో 1 రాస్తే ఒకణ్ణి చంపాల్సి వచ్చినప్పుడు గ్రూపు మొత్తాన్ని చంపుతుంది. చేత్తో రాయక్కర్లేదు, స్కోప్ వదిలేసి మామూలు సర్వీసుగా నడిపి యూనిట్లో ఓఓఎం పాలసీ కిల్ అని పెట్టండి. మీ సిస్టమ్‌డీ 249, స్కోప్‌కి ఆ పాలసీ అందులో లేదు, సర్వీసుకి ఉంది.

రాత్రిడ్యూటీ
పెట్టాం. వర్కర్లు ఆరుకి తగ్గించి, ఓఓఎం పాలసీ కిల్, మ్యాక్స్ 9, హై 8, 4 జీబీ స్వాప్. జాబ్ పూర్తయింది. ఒకసారి కావాలనే పెద్ద ఫైలు ఇచ్చి చూశాం, మొత్తం ఒకేసారి పోయింది, సర్వీస్ ఫెయిల్డ్ అని అలర్ట్ వచ్చింది. పోస్ట్‌గ్రెస్ వైపు లక్ష్మి గారు చెప్పిన మైనస్ 1000 కూడా పెట్టాం, ఓవర్‌కమిట్ ముట్టుకోలేదు.

డీబీ_లక్ష్మి
పిల్లలకి 0 తిరిగి వస్తోందో లేదో చూసుకోండి. ఏదైనా బ్యాకెండ్ పీఐడీ తీసి ప్రోక్‌లో ఓఓఎం స్కోర్ అడ్జస్ట్ చదవండి. పర్యావరణ వేరియబుల్స్ సరిగా లేకపోతే పిల్లలు కూడా మైనస్ 1000తోనే పుడతారు, అప్పుడు నిజంగా తప్పు క్వెరీ వచ్చినా కెర్నల్ దాన్ని ముట్టుకోదు.

రాత్రిడ్యూటీ
0 అనే ఉంది.

పాతసర్వర్_పాపారావు
మా దగ్గర ఇంకా సెంట్ఓఎస్ 7 నడుస్తోంది. ఇవన్నీ అందులో పనిచేస్తాయా?

విశాఖ_అడ్మిన్
కెర్నల్ 3.10, సిస్టమ్‌డీ 219. సీగ్రూప్ వి1 మాత్రమే. మెమరీ మ్యాక్స్ ఉండదు, మెమరీ లిమిట్ అని రాయాలి. హై లేదు, ఓఓఎం గ్రూప్ లేదు, పీఎస్ఐ లేదు. 2024 జూన్ 30తో దానికి అప్‌డేట్లు కూడా లేవు.

పాతసర్వర్_పాపారావు
లిమిట్ అయినా ఉంది, అదే పదివేలు. మార్చమని అడుగుతూనే ఉన్నాం.

గోంగూర64
నోట్ చేసుకున్నారా?